మంథని నుండి కాళేశ్వరమునకు: పటము, పైకము, ప్రయాణము

ప్రయాణ పర్యాటక విషయములను చదువు విద్యార్థులకు మొదట నేర్పవలసినవి మూడు గలవు. పోవలసిన చోటు ఎక్కడ నున్నదో పటమునందు చూచి తెలిసికొనుట యొకటి. దారిఖర్చును లెక్క కట్టి, దానిని ఏయే విధములుగా చెల్లింపవచ్చునో యెరుగుట రెండవది. స్వదేశములోనే తిరుగు యాత్రికులు ఏమి కోరి తిరుగుదురో, వారివలన నడుమనున్న ఊళ్ళకు ఏమి కలుగునో గ్రహించుట మూడవది. వీనిని వేరువేరు పాఠములుగా చెప్పినయెడల పిల్లలకు విసుగు పుట్టును. కావున మేమొక ప్రయాణమునే పాఠముగా గైకొనుచున్నాము. అది మంథని నుండి కాళేశ్వరమునకు పోవు ప్రయాణము.

ఈ దారి మనవారందరును ఎరిగినదే గదా యని కొందరనవచ్చును. కాని కాళేశ్వరమెంత దూరమని నలుగురి నడిగిచూడుడు. ఒకరు గంటలలో చెప్పుదురు, ఒకరు మైళ్ళలో చెప్పుదురు, ఒకరు బస్సు ఛార్జీలో చెప్పుదురు, నాలుగవవారు చేయి చాచి దిక్కు చూపుదురు. ఈ నాలుగు జవాబులును నిజమే. పరస్థలమునుండి వచ్చినవానికి మాత్రము వీనిలో నేదియు చాలదు. ఈ నాలుగింటిని ఒకదానితో నొకటి ముడిపెట్టి చెప్పగలవాడే మార్గదర్శి యనిపించుకొనును. అట్టివాడు బస్టాండునొద్ద లేనందుననే కాళేశ్వరము పోవు యాత్రికులు పెక్కురు మంథనిలో ఒక టీ త్రాగి, తరువాతి బస్సెక్కి సాగిపోవుచున్నారు. గౌతమేశ్వరాలయము గాని, గోదావరి రేవు గాని వారి కంటబడుట లేదు. దీనివలన మన ఊరికి కలుగు నష్టమెంతయో వ్యాసము చివర మరల చూతము.

మొదట పటము సంగతి. మంథని ఉత్తర అక్షాంశము 18 డిగ్రీల 39 నిమిషములు, తూర్పు రేఖాంశము 79 డిగ్రీల 40 నిమిషములు గల స్థానమున నున్నది. కాళేశ్వరము ఇంచుమించుగా 18 డిగ్రీల 49 నిమిషములు, 79 డిగ్రీల 54 నిమిషముల యొద్ద నున్నది. ఈ అంకెలు చేతనుండిన చాలును, దూరమును కాగితము మీదనే కనుగొనవచ్చును. అక్షాంశములో ఒక్కొక్క నిమిషము సుమారు 1.85 కిలోమీటర్లు. పది నిమిషములకు పదునెనిమిదిన్నర కిలోమీటర్లు ఉత్తరమునకు పోవలెనన్నమాట. రేఖాంశపు నిమిషము మన ప్రాంతమున కొంచెము చిన్నది, సుమారు 1.75 కిలోమీటర్లు. ఏలనన రేఖాంశములు ధ్రువములవైపు పోవుకొలది దగ్గరకు చేరును. పదునాలుగు నిమిషములకు సుమారు ఇరువదినాలుగున్నర కిలోమీటర్లు తూర్పునకు పోవలెను. ఉత్తరమునకొక భుజము, తూర్పునకొక భుజము దొరికినవి గనుక లంబకోణ త్రిభుజపు లెక్క తెలిసిన బాలుడు కర్ణమును తానే కట్టుకొనగలడు. 31 కిలోమీటర్లకు కొంచెము తక్కువగా వచ్చును. ఇది కాకి యెగురు దూరము.

బస్సు కాకి వలె ఎగురలేదు. అది మంథని నుండి తూర్పునకు కాటారము చేరి, అచ్చట మళ్ళి మహదేవపురము మీదుగా ఉత్తరమునకు పోయి, పిమ్మట కాళేశ్వరము ముట్టును. ఆ దారి దాదాపు 60 కిలోమీటర్లు. అనగా పటముమీది సరళరేఖకు ఇంచుమించు రెట్టింపు. పటము చూడనేర్చిన పిల్లలు మొదట పడు చిక్కు ఇదియే. ఊరికి ఊరికి నడుమ బద్ద పెట్టి కొలిచి, ఇంత దూరమని చెప్పి, దానినిబట్టియే బయలుదేరు వేళను నిర్ణయింతురు. రోడ్డు పొడవు కావలెనన్న పటముమీద బద్ద పెట్టరాదు, దారము పెట్టవలెను. రోడ్డు ఎట్లు వంకరపోవునో దారమునట్లే వంచి, పిమ్మట దానిని చాచి కొలిచి, స్కేలుతో గుణింపవలెను. గంటకు 30 కిలోమీటర్ల చొప్పున బస్సు పోవుననుకొన్నను రెండు గంటలు పట్టును. బస్సు కొరకు నిలుచు కాలము, కాటారములో మారవలసివచ్చిన కాలము దీనికి వేరుగా చేర్చుకొనవలెను.

స్కేలనగా నేమో యిప్పుడు చెప్పుదుము. భారత సర్వే శాఖవారి పటములలో మన పనికి మిక్కిలి తగినది ఒకటికి 50,000 వంతుల స్కేలుగలది. అందు 2 సెంటీమీటర్లు భూమిమీద 1 కిలోమీటరు. పూర్వము అంగుళమునకు మైలు లెక్కన గీచెడివారు. అది ఒకటికి 63,360 వంతులు. పాత పటము, కొత్త పటము ప్రక్కప్రక్కన పెట్టుకొని ఒకదాని స్కేలుతో రెండవదానిని కొలిచిన యెడల నాలుగింట ఒక వంతు తప్పు వచ్చును.

ఈ సర్వే పటములకు సంఖ్యలు వేయు విధము మిక్కిలి సొగసైనది. తరగతిలో ఒక గంట దీనికే వెచ్చించినను నష్టము లేదు. దేశమునంతను నాలుగేసి డిగ్రీల పొడవు, నాలుగేసి డిగ్రీల వెడల్పు గల గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక అంకె నిచ్చిరి. మన గడి 56. దానిని పదునారు భాగములు చేసి ఇంగ్లీషు అక్షరములలో మొదటి పదునారింటిని వేసిరి. ఆ అక్షరములు ఎడమ మూలనుండి క్రిందికి దిగి, మరల పైకిపోయి, ప్రక్క వరుసలో క్రిందికి దిగును. హైదరాబాదు ఆ వరుసలో కె అక్షరమునందు, మంథని ఎన్ అక్షరమునందు పడినవి. మరల ఒక్కొక్క అక్షరమును పదునారు షీట్లుగా కోసిరి. ఈ లెక్కను తప్పక అనుసరించిన యెడల మంథని 56 ఎన్ 10వ షీటునందును, కరీంనగరము 3వ షీటునందును, కాళేశ్వరము 13వ షీటునందును దొరకును. కాటారము 14వ దానియందున్నది. పది, పదమూడు షీట్లు మూలకు మూల తాకునే గాని ప్రక్కప్రక్కన నుండవు. కావున మన ప్రయాణమును గీయుటకు మూడు షీట్లు అతికింపవలెను. ఒక్కొక్క షీటు అర మీటరు పైచిలుకు ఎత్తు గలది గనుక ఈ అతికింపు బల్లమీద సాగదు, నేలమీదనే కూర్చుండవలెను. 2005వ సంవత్సరపు పటవిధానము పిదప ప్రజలకిచ్చు షీట్లకు వేరొక సంఖ్యాక్రమము వచ్చినది గాని, పాత క్రమము తెలిసినవానికి కొత్తది కష్టము కాదు.

రంగుల సంగతి సులభము. నీరు నీలము, అడవి ఆకుపచ్చ, సాగుభూమి పసుపు, రోడ్లును ఊళ్ళును ఎరుపు, రైలుదారి నలుపు. గోధుమరంగున పాముల వలె మెలికలు తిరుగు గీతలు సమోన్నతరేఖలు. ఒక్కొక్క రేఖకు నడుమ 20 మీటర్ల ఎత్తు భేదము. గీతలు ఎడముగా నున్నచోట నేల చదును. దగ్గరగా క్రిక్కిరిసిన చోట నిట్రమైన యెక్కుడు. పెద్దపల్లి దిక్కునుండి మంథనికి వచ్చునపుడు కనబడు రామగిరి ఖిల్లాను పటములో చూడుడు. గీతలు ఒకదానిపై నొకటి పడినట్లుండును. ఇంటిలోని అవ్వను ఆ గుట్ట యెక్కింపవచ్చునా లేదా యన్న ప్రశ్నకు జవాబు అచ్చటనే యున్నది.

ఈ పటములకు పునాది ఎట్లు పడెనో యొక మాట. 1802లో మద్రాసు చెంత పరంగిమల దగ్గర విలియం లాంబ్టను అను సైనికోద్యోగి గొలుసుతో నేలను కొలిచి ఒక ఆధారరేఖను ఏర్పరచెను. త్రిభుజములో ఒక భుజమును రెండు కోణములును తెలిసినచో తక్కిన భుజములు లెక్కకు లొంగును గదా! ఆ సూత్రముతోనే గుట్టనుండి గుట్టకు చూపు సారించి, త్రిభుజముపై త్రిభుజము కట్టుచు అతడు ఉత్తరమునకు సాగెను. హైదరాబాదు నుండి నాగపురమునకు పోవుచు 1823 జనవరి 20వ తేదీన హింగన్‌ఘాటులో మరణించెను. పెద్దపల్లిలో నాగపురము పోవు రైలెక్కినవారు బల్హార్షా దాటిన పిమ్మట ఆ స్టేషనును చూడవచ్చును. మన మీద నుండి పోవు ఆ కాజీపేట బల్హార్షా దారి 1929లో పూర్తియైనది. మంథనికి నేటికిని రైలు లేదు.

పటమునకును వయస్సు గలదు. 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము అచ్చైన పటములలో మంథనియు కాళేశ్వరమును రెండును కరీంనగరము జిల్లాలోనే యుండును. ఇప్పుడు మంథని పెద్దపల్లి జిల్లాలోనిది, కాళేశ్వరము జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. నదికి ఆవలనున్న చెన్నూరు పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిది, నేడు మంచిర్యాల జిల్లాలోనిది. సత్రములకు ఉత్తరము వ్రాయవలసివచ్చినను, పోలీసువారి సాయము కోరవలసివచ్చినను ఈ భేదము తెలిసియుండవలెను.

నది సంగతి ఇంకను విచిత్రము. పాత షీటులో గోదావరి నడుమ చుక్కలతో చూపిన ఇసుకతిన్నెలే విశేషము. మంథనికి దిగువను అన్నారము వద్దను, కాళేశ్వరమునకు దిగువను మేడిగడ్డ వద్దను బరాజులు కట్టిన తరువాత ఆ తిన్నెలు పెక్కు నీట మునిగెను. మేడిగడ్డ 2019 జూన్ 21న ప్రారంభింపబడినది. 2023 అక్టోబరు 21న దాని స్తంభములు కొన్ని క్రుంగుటచే నిలువయున్న నీటిని విడిచిపెట్టవలసివచ్చెను. అయిదేండ్లలోపల ఒకే రేవు ఇసుకయు, మడుగును, మరల ఇసుకయు నయ్యెను. ఏ పటమునందైనను నీలిరంగు నీరున్నదని చెప్పును గాని లోతు చెప్పదు. ఇసుక తీసిన గుంటలు పైకి కనబడవు. ఇది ప్రాణములకు సంబంధించిన మాట. యాత్రికులను స్నానమునకు తీసికొనిపోవువారు పటమును మడిచి సంచిలో పెట్టి, రేవులోని పడవవారినో చేపలు పట్టువారినో అడిగి తీరవలెను.

ఫోనులో పటముండగా కాగితమేల యని పెద్ద తరగతులవారు అడుగుదురు. ఫోను పటము మనమున్న చోటును చుక్కవేసి చూపును, దారిలో మలుపు వచ్చినపుడు చెప్పును. అది గొప్ప సాయమే. కాని అది ఒక్కసారి చూపునది అరచేయి వెడల్పు మాత్రమే. కాటారము ఎటున్నది, దానికి ఉత్తరమున ఏమున్నది, నదికి ఆవలి ఊరేది అను సంబంధములు మనస్సున నాటవు. పైగా అడవిదారిలో సిగ్నలు అందనిచో, ముందుగా దించుకొనని పటము తెల్లబోవును. మేము కాగితముతో నేర్పి, ఫోనుతో సరిచూపుట మంచిదని యెంచుచున్నాము.

ఇక పైకము. ఈ విషయమున మన పూర్వులు పడిన శ్రమ నేటివారికి తెలియదు. నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెల్లెడిది. ఇంగ్లీషువారి యేలుబడిలో కల్దారు రూపాయ చెల్లెడిది. కాళేశ్వరమునకు ఎదురుగా నదికి ఆవలనున్న సిరొంచ 1860 నుండి ఇంగ్లీషువారిది. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు సమానము. నూరు కల్దార్లు కావలెనన్న 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు ఇచ్చుకొనవలెను. నది దాటి వస్త్రము కొనువాడు, పెండ్లికి పోవువాడు, వైద్యమునకు పోవువాడు అందరును ఈ లెక్క నోట నుంచుకొనెడివారు. తెలియనివానిని మారకము చేయు షావుకారు సులభముగా మోసగింపగలిగెడివాడు. హాలీ సిక్కా 1959తో చెల్లుబాటు తప్పినది. దశాంశ నాణెములు 1957 ఏప్రిల్ 1న వచ్చినవి. దూరపు యాత్రలకు పోయినవారికి ఇంటినుండి సొమ్ము పంపుటకు తపాలా మనియార్డరు 1880 నుండి ఉపయోగపడెను.

నేటి యాత్రికుని చేతిలో నోట్లు, నాణెములు, బ్యాంకు కార్డు, ఫోను అను నాలుగు సాధనములున్నవి. ఫోనుతో చెల్లించు యూపీఐ పద్ధతి 2016లో ఆరంభమైనది. కొనువాని బ్యాంకు ఖాతానుండి అమ్మువాని ఖాతాకు సొమ్ము ఆ క్షణముననే పోవును. నడుమ నోటు లేదు, చిల్లర తగవు లేదు. రైలు టికెట్టు ముందుగా కొనుటకును, వసతిగృహమునకు బయానా పంపుటకును ఇంతకంటె అనువైనది లేదు. అయినను దీనికి మూడు కావలెను: ఫోనులో విద్యుత్తు, సిగ్నలు, బ్యాంకువారి యంత్రము పనిచేయుట. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను, ఖాతాలో వేలున్నను కొబ్బరికాయ కొనజాలము.

ఒక్క విధమైన ధనమునే నమ్ముట ఎంత చిక్కో 2016 నవంబరు 8వ తేదీ రాత్రి దేశమంతయు చూచినది. 500, 1,000 రూపాయల నోట్లు రద్దయ్యెను. ఆరు దినములకే కార్తిక పౌర్ణమి. రైళ్ళలోను ప్రభుత్వ బస్సులలోను పాత నోట్లు కొన్నాళ్ళు చెల్లినవి గాని, రేవులోని పూలదుకాణమున ఎవరు పుచ్చుకొందురు? నోట్లు లేనినాడు ఫోను, ఫోను లేనినాడు నోట్లు. కావున దారిఖర్చులో మూడవ వంతైనను చిన్న నోట్లుగా నుంచుకొని, దానిని ఒకేచోట గాక రెండు చోట్ల దాచుకొనవలెను. ఇంటి పెద్దలు చీరకొంగున కొంత, సంచి అడుగున కొంత ముడివేయుట ఏ పాఠశాలలోను నేర్చినది కాదు.

తల్లిదండ్రులు ముఖ్యముగా వినవలసినది ఇది. యూపీఐలో రహస్యసంఖ్య సొమ్ము ఇచ్చుటకే కాని పుచ్చుకొనుటకు కాదు. మీకు సొమ్ము తిరిగి పంపుచున్నాము, సంఖ్య నొక్కుడని ఎవడైన ఫోనులో చెప్పిన యెడల వాడు దొంగయని నిశ్చయింపవచ్చును. తీర్థములలో గది కుదిర్చెదమని అంతర్జాలమున బొమ్మలు చూపి ముందుగా సొమ్ము రాబట్టి మాయమగువారు గలరు. దేవస్థానమువారి కార్యాలయమును అడిగి తెలిసికొనకుండ పంపరాదు. దుకాణములో అతికించిన గళ్ళచీటీని ఫోనుతో చూచినపుడు తెరమీద వచ్చు పేరు దుకాణదారుని పేరేనా యని అడిగిన పిమ్మటనే నొక్కవలెను. మోసపోయినచో 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారిపోవును.

బస్సు ఖర్చునందు మరియొక సంగతి. నిజాము రైల్వేవారు 1932లో 27 బస్సులతో ఆరంభించిన రవాణాశాఖయే నేటి ఆర్టీసీకి మూలము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ స్త్రీలకు, బాలికలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు. నివాసము తెలుపు గుర్తింపుకార్డు చూపి సున్న టికెట్టు తీసికొనవలెను. ఇది రాష్ట్రపు ఎల్లవరకే. కాళేశ్వరము దాటి వంతెనమీదుగా సిరొంచకు పోదలచినవారు అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాయని మరువక అక్కడి ఛార్జీ వేరుగా లెక్కించుకొనవలెను. ఒకప్పుడు నాణెము మారిన చోటనే నేడు టికెట్టు మారుచున్నది!

స్వదేశ పర్యాటకమను మాట వినగానే పిల్లలు తాజమహలును తలచుదురు. కాని తమ నివాసము విడిచి వేరొకచోట ఒక రాత్రియైనను గడపినవానిని పర్యాటకుడనియు, నాడే మరలినవానిని దినయాత్రికుడనియు లెక్కవేయువారు విభజింతురు. తీర్థమునకు పోయినను, చుట్టపుచూపునకు పోయినను, ఆ రాత్రి ఒక్కటే గీటురాయి. కావున పుష్కరస్నానమునకు పోయి సత్రములో నిద్రించిన మన మేనత్త పర్యాటకురాలే. 2015 జూలైలో గోదావరి పుష్కరములు, 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరములు, 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములు జరిగినవి. కాళేశ్వరము గోదావరీ ప్రాణహితల సంగమము. సరస్వతి అంతర్వాహినిగా కలియునని భక్తుల విశ్వాసము. అచ్చటి ఆలయములో ఒకే పానవట్టముపై రెండు లింగములుండుట విశేషము. ద్రాక్షారామ, శ్రీశైలములతో కూడి త్రిలింగములలో నొకటియని చెప్పుదురు. గోదావరి పుష్కరములు మరల 2027లో వచ్చునవి.

ఇప్పుడు మంథనికి కలుగు నష్టమును చూతము. దినయాత్రికుడు మన ఊరిలో టీ ధర, మహా అయిన టిఫిను ధర ఇచ్చిపోవును. రాత్రి నిలిచినవాడు గది అద్దె, రెండు పూటల భోజనము, రేవునకు ఆటో బాడుగ, పూలు, అరటిపండ్లు అన్నింటికి ఇచ్చును. ఆ సొమ్ము హోటలువానితో ఆగదు. కూరలమ్మునామెకును చాకలికిని చేరును. మరి నిలుపుటకు మంథనిలో ఏమున్నది? ప్రాచీనులు మంత్రకూటమని పిలిచిన యూరిది, వేదపండితులకు ప్రసిద్ధి. గోదావరి యొడ్డున గౌతమేశ్వరాలయము, ఊరిలో మహాలక్ష్మి, భిక్షేశ్వర, ఓంకారేశ్వరాలయములు గలవు. రామగిరి ఖిల్లా ఒక పూట యెక్కుటకు తగినది. 1957 నుండి 1977 వరకు మంథని తరఫున శాసనసభలో కూర్చున్న పి. వి. నరసింహారావుగారు తరువాత దేశ ప్రధానమంత్రియైరి. రాజకీయ చరిత్రయందు ఆసక్తిగలవాడు ఇందుకొరకే ఒక దినము ఆగవచ్చును. ఓపికగలవాడు మరునాడు కాటారము, భూపాలపల్లి దారిన ములుగు జిల్లా పాలంపేటకు పోవచ్చును. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి యచ్చటనే యున్నది. 2021 జూలైలో అది ప్రపంచ వారసత్వ కట్టడమైనది.

ఇంటర్మీడియటు వృత్తివిద్యలో ప్రయాణ పర్యాటక శాఖయు, హైదరాబాదు గచ్చిబౌలిలో ఇందుకొరకే జాతీయస్థాయి విద్యాసంస్థయు గలవు. అచ్చటికి పోదలచిన విద్యార్థి ఢిల్లీ పటముతో మొదలుపెట్టనక్కరలేదు. మంథని బస్టాండునుండి గోదావరి రేవువరకు ఒక పటమును తానే గీయవలెను. ఉత్తరదిక్కు బాణము, స్కేలు, గుర్తుల పట్టిక అందుండవలెను. నూరడుగుల దూరమునకు తన అడుగులెన్నియో ముందు లెక్కించుకొని, వీధుల పొడవులను అడుగులతో కొలువవచ్చును. ఆలయములు తెరచు వేళలు, మంచినీరు దొరకు చోట్లు, మరుగుదొడ్లు, మందుల దుకాణము, ఏటీఎం, ఏ దుకాణములో నోట్లు మాత్రమే పుచ్చుకొందురో, కాళేశ్వరము బస్సు ఏ వేళకు బయలుదేరునో, చివరి బస్సు తప్పినచో ఎచ్చట పడుకొనవచ్చునో అందు చేర్చవలెను. స్నానమునకు తగని మడుగులను ఎర్రసిరాతో గుర్తింపవలెను. పటము క్రింది మూలను గీసిన నెలయు సంవత్సరమును వేసియుంచిన యెడల, వర్షకాలము వెళ్ళిన పిమ్మట తరువాతి తరగతివారు రేవునకు పోయి దానిని సరిదిద్దుదురు.